కౌన్సెలర్ దగ్గరికి మొదటిసారి వెళ్తున్న తమ్ముడికి

ఈ ఫాల్ సెమిస్టర్‌కి అమెరికా వచ్చిన ఒక తమ్ముడు పోయిన వారం రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. "అక్కా, మూడు వారాలుగా నిద్ర లేదు. క్లాసులో కూర్చుంటే తల మొద్దుబారిపోయినట్టు ఉంటోంది. ప్రొఫెసర్ గమనించి యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లమన్నారు. గురువారం అపాయింట్‌మెంట్. అక్కడ ఏం అడుగుతారు? పిచ్చి అని రికార్డులోకి ఎక్కిస్తారా? వీసాకి ఇబ్బంది అవుతుందా? ఇంట్లో తెలుస్తుందా?"

ఇవే ప్రశ్నలు ఇంకా చాలామంది మనసుల్లో ఉంటాయని తెలుసు. అందుకే అతన్ని అడిగి, జవాబు అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

తమ్ముడూ, ముందు నీ భయాల సంగతి చూద్దాం. అవి ఉన్నంతసేపూ మిగతాదేదీ చెవికెక్కదు. కౌన్సెలింగ్ సెంటర్‌లో నువ్వు మాట్లాడేది సెవిస్‌లోకి, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లోకి, వెళ్లదు. నీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లదు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడదు. పద్దెనిమిది దాటినవాడివి కాబట్టి, నాన్నగారు ఇండియా నుంచి ఫోన్ చేసి అడిగినా, మామూలుగా నీ సంతకం లేకుండా నువ్వు అక్కడికి వస్తున్నావన్న సంగతి కూడా చెప్పరు. వీసా ఫారం డీఎస్-160లో ఆరోగ్యం గురించి ఒక ప్రశ్న ఉన్నమాట నిజమే. నీకో, ఇతరులకో ప్రమాదం తెచ్చే వ్యాధి ఏదైనా ఉందా అని అందులో అడుగుతారు. నిద్ర పట్టక ఒక కౌన్సెలర్‌తో మాట్లాడటం ఆ కోవలోకి రాదు. అయినా మనసు కుదుటపడకపోతే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడుగు. ఆ అనుమానంతో అపాయింట్‌మెంట్ మాత్రం వదులుకోకు.

చదువు మరీ భారమైపోతే ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఆరోగ్యం బాగోనప్పుడు కోర్సులు తగ్గించుకోవచ్చు. మనసుకి సంబంధించిన అనారోగ్యమూ అందులోకి వస్తుంది. డాక్టర్ గానీ క్లినికల్ సైకాలజిస్ట్ గానీ లెటర్ ఇవ్వాలి, డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ముందుగా ఒప్పుకోవాలి. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల వరకు ఈ వెసులుబాటు ఉంటుంది. ముందు అనుమతి, ఆ తర్వాతే డ్రాప్. ఈ వరుస తప్పితే స్టేటస్‌కే ముప్పు.

ఇక నా సంగతి చెప్తాను. 2011లో నేను హెచ్-4 మీద, అంటే మావారి ఉద్యోగ వీసాని బట్టి వచ్చే వీసా మీద, డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉన్నాను. పాపకి ఏడో నెల. తెనాలిలో నాన్న పోయారు. మావారి వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు వెళ్తే తిరిగి రావడం ఎప్పటికో చెప్పలేమన్నారు లాయర్. స్కైప్‌లో చూశాను. మా బాబాయి కొడుకు ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకున్నాడు గానీ, జనం మధ్య నుంచి నాన్న కాళ్లు మాత్రమే కనిపించాయి. బొటనవేళ్లు కలిపి కట్టి ఉన్నాయి. అక్కడే బొమ్మ ఆగిపోయింది.

పెద్దకర్మ అయ్యాక అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. నాకు మాత్రం తెల్లవారుజామున మూడింటి దాకా కన్ను మూతపడేది కాదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఫ్యామిలీ డాక్టర్ కౌన్సెలర్ పేరు రాసి ఇస్తే ఆ కాగితం ఆరు నెలలు హ్యాండ్‌బ్యాగులోనే ఉంచాను. నాకేమన్నా పిచ్చా అనుకున్నాను. "అన్నీ ఉన్నాయి కదమ్మా, గుడికి వెళ్లి రా" అంది అమ్మ. వెళ్లాను. అక్కడ ఉన్న గంటసేపూ నిజంగానే తేలిగ్గా ఉండేది. పార్కింగ్ లాట్‌కి వచ్చేసరికి మళ్లీ అదే బరువు.

చివరికి ఆ కౌన్సెలర్ దగ్గరికే వెళ్లాను. మొదటి రోజు చేతినిండా ఫారాలు ఇచ్చారు. ఇన్సూరెన్స్, మందులు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా, మద్యం అలవాటు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ తర్వాత పీహెచ్‌క్యూ-9 అనే ఒక పేజీ. నీకూ ఇదో, ఇలాంటిదో ఇస్తారు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు: నిద్ర, ఆకలి, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నన్ను నేను నిందించుకోవడం, అలా. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేయాలి. నేను పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నట్టు అన్నింటికీ సున్నా పెట్టాను. కౌన్సెలర్ ఆవిడ కాగితం చూశారు, నన్ను చూశారు. "రాత్రి ఎన్నింటికి నిద్రపోయారు?" అని అడిగారు. మూడున్నరకి అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. పెన్ను నా వైపు జరిపారు. రెండోసారి నిజం పెట్టాను. నువ్వు మొదటిసారే నిజం పెట్టు.

ఆ మొదటి కలయికని ఇన్‌టేక్ అంటారు. అందులో అడగడమే ఎక్కువ, అసలు మాట్లాడుకోవడం తక్కువ. ఎక్కడ పుట్టావు, ఎవరితో ఉంటున్నావు, ఏ విషయం మీద వచ్చావు, ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందా. యాభై నిమిషాలు ఇట్టే అయిపోతాయి. బయటికొచ్చి "దీనికోసమా వచ్చింది" అనిపిస్తే అది సహజం. చాలామంది మనవాళ్లు అక్కడే ఆపేస్తారు. నామాట విని కనీసం నాలుగుసార్లు వెళ్లు.

రెండో వారం ఆవిడ నా బాధకి పేరు పెట్టమన్నారు. శాడ్ అన్నాను, కాదు. హోమ్‌సిక్ అన్నాను, అదీ కాదు. మీ భాషలో ఏమంటారు అని అడిగారు. "బెంగ" అన్నాను. ఆ మాట అన్నాక గొంతు పట్టేసింది. ఆవిడ నోట్‌బుక్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, సరిగ్గా పలికానా అని రెండుసార్లు అడిగారు. ఆ తర్వాత ప్రతి వారమూ "ఈ వారం బెంగ ఎలా ఉంది?" అనే మొదలుపెట్టేవారు. కాబట్టి ఇంగ్లీషు రాదేమో అని బెరుకు వద్దు. కడుపులో దేవినట్టు ఉందనీ, గుండె మీద బండ పెట్టినట్టు ఉందనీ నోటికొచ్చినట్టే చెప్పు. అర్థం కాకపోతే వాళ్లే అడుగుతారు.

నాకు అన్నింటికంటే కష్టమైంది ఇంకొకటి. మనింట్లో ఏదైనా సమస్య వస్తే పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తాం. వాళ్లు విని, ఇలా చెయ్యి అని తేల్చేస్తారు. కౌన్సెలర్ కూడా అలాగే తేల్చేస్తారని ఎదురుచూశాను. మూడో వారం కోపం వచ్చి, "నేనేం చేయాలో చెప్పండి, దానికే కదా వచ్చాను" అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. "నేను చెప్పేస్తే అది నా నిర్ణయం అవుతుంది. మీరు ఏం కోరుకుంటున్నారో మీకు వినపడేదాకా తోడుంటాను" అన్నారు. ఆ రోజు నచ్చలేదు. నాలుగో వారం, నేను మొదటి రోజు గబగబా చెప్పి దాటేసిన సంగతి ఆవిడే ఎత్తారు. "నాన్నగారి కాళ్లు మాత్రమే కనిపించాయన్నారు. ముఖం కనిపించి ఉంటే ఏం చెప్పేవారు?" పాప పుట్టాక ఆయన పాపని ఎత్తుకోనేలేదు. ఆ మాటే చెప్పేదాన్ని. ఏడాదిలో మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాను. ఊరుకోండి అనలేదు ఆవిడ, అయ్యో పాపం అనలేదు. టిష్యూ డబ్బా దగ్గరికి జరిపి, నేను తేరుకునేదాకా కదలకుండా కూర్చున్నారు. దయగల కౌన్సెలర్ అంటే నాకు గుర్తొచ్చేది ఇదే. జాలిపడటం వేరు. మనం దాటేసిన మాటని గుర్తుపెట్టుకుని, మనం మోయగలిగిన రోజున దాన్ని మన ముందు పెట్టడం వేరు.

అలా ఏడ్చిన రోజు ఒళ్లంతా నీరసంగా ఉంటుంది. మొదట్లో కొన్నాళ్లు బాధ పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. సెషన్ అయిన వెంటనే క్లాసు గానీ ఇంటర్వ్యూ గానీ పెట్టుకోకు.

గోప్యత గురించి మొదటి రోజే ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. చదవకుండా పెట్టకు. నీ ప్రాణానికి గానీ మరొకరి ప్రాణానికి గానీ ముప్పు కనిపించినా, పిల్లల మీద దెబ్బ పడిందన్న అనుమానం వచ్చినా, కోర్టు ఉత్తర్వు ఉన్నా వాళ్లు బయటికి చెప్పాల్సి రావచ్చు. పిల్లలున్నవాళ్లు ఈ రెండో మాట బాగా గుర్తుంచుకోవాలి. మనకి "రెండు తగిలించాను" అనేది మామూలు మాట. ఇక్కడ అది రిపోర్టు దాకా వెళ్లగల మాట.

ఇంకో మాట కూడా అంతే. విసుగొస్తే "ఛ, చచ్చిపోతే బాగుండు" అనేస్తాం. కౌన్సెలర్ దాన్ని అలా వదిలేయరు. ఆగి, సూటిగా అడుగుతారు: నిజంగా అలా అనిపిస్తోందా, ఎలా అని ఆలోచించారా, దగ్గర ఏమైనా ఉందా. భయపడకు. ఆ ఆలోచన వచ్చిందని చెప్పినంత మాత్రాన పోలీసుల్ని పిలవరు. నువ్వు ఎంత ప్రమాదంలో ఉన్నావో తెలుసుకుని, రాత్రి కష్టమైతే ఎవరికి ఫోన్ చేయాలో నీతో కలిసి కాగితం మీద రాస్తారు. ఉత్తిమాటే అయితే ఉత్తిమాటేనని చెప్పు. నిజమైతే నిజమని చెప్పు, దాచకు తమ్ముడూ. గురువారం దాకా ఆగలేనంతగా ఉంటే 988 అనే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, మెసేజ్ అయినా పెట్టొచ్చు. అమెరికా అంతటా 2022 జూలై నుంచి ఈ నంబర్ పగలూ రాత్రీ పనిచేస్తోంది. ఇండియాలో ఉన్న మన ఇంట్లోవాళ్లకి అలాంటిదే టెలి-మానస్ ఉంది, 14416. తెలుగులో మాట్లాడొచ్చు.

డబ్బు సంగతి. చాలా యూనివర్సిటీల్లో నీ ఫీజులోనే ఇది కలిసి ఉంటుంది, కాకపోతే సెమిస్టర్‌కి ఇన్ని సెషన్లని పరిమితి పెడతారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఈఏపీ (ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే సహాయ కార్యక్రమం) కోసం వెతకండి. చాలా కంపెనీలు కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తాయి, లోపల ఏం మాట్లాడారన్నది మేనేజర్‌కి చేరదు. బయట వెళ్తే ఫోన్‌లోనే అడిగేయాలి: నా ఇన్సూరెన్స్ ప్లాన్‌లో ఇన్-నెట్‌వర్కా (వాళ్లతో ఒప్పందం ఉందా), కోపే (ప్రతిసారీ నేను కట్టే వాటా) ఎంత, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనమే కట్టాల్సిన మొత్తం) అయ్యేదాకా మొత్తం నేనే కట్టాలా, ఎన్ని గంటల ముందు క్యాన్సిల్ చేయాలి. రాకపోయినా ఫీజు వేసే చోట్లు చాలా ఉన్నాయి.

భర్త ఇన్సూరెన్స్ మీద ఉన్న చెల్లెళ్లకి ఒక మాట. సెషన్ అయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీ ఈఓబీ అని, దేనికి ఎంత కట్టారో చెప్పే ఒక కాగితం పంపుతుంది. అది సాధారణంగా పాలసీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే వెళ్తుంది. తేదీ, వెళ్లిన చోటు అందులో ఉంటాయి. ఇంట్లో తెలిస్తే నీకు ప్రమాదమైతే, ఆ కాగితాలు వేరే అడ్రస్‌కి పంపమని కంపెనీని అడిగే హక్కు నీకుంది. మొదటి అపాయింట్‌మెంట్‌కి ముందే ఈ పని చూసుకో.

తెలుగు కౌన్సెలర్ అయితే బాగుంటుందా అని అడుగుతారు. అత్తగారు ఆరు నెలలు వచ్చి ఉండటమంటే ఏమిటో, చెల్లి పెళ్లి అప్పు నీ నెత్తిన ఎందుకుందో విడమరచి చెప్పే పని తప్పుతుంది. గుడిలో ఎదురుపడతారేమో అన్న భయమూ ఉంటుంది. మామూలుగా మనం పలకరిస్తే తప్ప వాళ్లు మనల్ని గుర్తుపట్టినట్టు కూడా ఉండరు. మనవాళ్లు కానివాళ్లు "అమ్మానాన్నలకి డబ్బు పంపడం ఆపేయొచ్చు కదా" లాంటి మాట అంటే మనసులో పెట్టుకుని మానేయకు. "అది నా సమస్య కాదు, పంపడం నాకిష్టమే" అని చెప్పు. మంచివాళ్లయితే సర్దుకుంటారు. నాలుగైదుసార్లకి కూడా కుదరకపోతే ఇంకొకర్ని అడుగు, మొహమాటం వద్దు. వీడియోలో మాట్లాడేదైతే, నువ్వున్న రాష్ట్రంలో పనిచేయడానికి వాళ్లకి లైసెన్స్ గానీ అనుమతి గానీ ఉండాలి. సెలవులకి ఇండియా వెళ్తే సెషన్లు ఆగిపోవచ్చు, ముందే అడిగి పెట్టుకో. కౌన్సెలర్లు మందులు రాయరు. అవి అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు.

నేను ఏడాదిన్నర వెళ్లాను. సంక్రాంతికి సున్నుండలు చేసి తీసుకెళ్లాను. ఆవిడ ఒకటి నా ముందే తిని, ఇందులో ఏమేం వేస్తారని అడిగారు. ఇంటికి భోజనానికి రమ్మంటే మాత్రం రాలేనన్నారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గానీ, ఆవిడ మా ఇంటి మనిషి కాకపోవడం వల్లే నేను అన్నీ చెప్పగలిగానని తర్వాత అర్థమైంది.

గురువారం అక్కడ కూర్చున్నాక ఏం మాట్లాడాలో తోచకపోతే, ఆ మాటే చెప్పు. ఇంకా మంచిది, బుధవారం రాత్రి ఒక కాగితం మీద మూడు వాక్యాలు తెలుగులో రాసుకో: ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఏ వేళకి ఎక్కువగా ఉంటోంది, ఎవరికీ చెప్పనిది ఏమిటి. జేబులో పెట్టుకుని వెళ్లు. మూడోది మొదటి రోజే చెప్పక్కర్లేదు. వెళ్లొచ్చాక ఎంత రాత్రైనా సరే, నాకొక మెసేజ్ పెట్టు.