మొదటి వాక్యం కొట్టేయ్

తమ్ముడూ,

వ్యాసం చదివాను. "ఇంటర్నెట్ పెరిగితే అసంఘటిత రంగం తగ్గుతుంది" అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. దేశాలవారీగా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టిన నీ గ్రాఫ్ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో నెట్ వాడనివాళ్లు అరుదు, లెక్కల్లోకి రాని వ్యాపారమూ తక్కువే. కానీ అది డబ్బున్న దేశం. ఆ రెండూ డబ్బు వెంట వచ్చినవి కావని నీకెలా తెలుసు?

పైగా రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు పక్కన అమ్ముకునే మనిషినీ, పన్ను ఎగ్గొట్టడానికి దొంగ లెక్కలు రాసే కంపెనీనీ ఒకే గాటన కట్టావు. అసంఘటితంగా పనిచేస్తున్నారని ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 2018లో చెప్పిన దాదాపు 200 కోట్ల మంది, అంటే ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 60 శాతం పైగా, ఎక్కువగా మొదటి రకం. నీ పట్టికలో అసంఘటిత రంగానికి చూపిన "జీడీపీలో వాటా" సంగతి వేరు. దాన్నెవరూ తూచలేదు. పన్నుల భారం, చేతుల్లో తిరిగే నోట్లు లాంటివి చూసి కట్టిన అంచనా అది. జనం ఫోన్లో డబ్బు పంపుకోవడం మొదలెడితే నోట్లు తగ్గుతాయి, ఆ అంకె కూడా దిగొచ్చు. కొట్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది!

కెన్యాకు ఒక్క వాక్యమే ఇచ్చావు, అన్యాయం. 2007లో అక్కడ ఎంపెసా వచ్చింది, ఫోన్‌లో డబ్బు పంపుకునే సేవ. దానికి నెట్ కూడా అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. కూరగాయలమ్మే ఆవిడ ఫోన్ టింగుమంటుంది. ఎవరు ఎంత పంపారో ఆ మెసేజ్‌లో ఉంటుంది. 2012లో మొదలైన ఎంష్వారీ అనే ఫోన్ పొదుపు, అప్పుల సేవ ఇలాంటి ఫోన్ లావాదేవీలు చూసే చిన్న అప్పులిచ్చింది. ఆవిడ కొట్టుకు మాత్రం రిజిస్ట్రేషన్ లేదు. మరి ఆవిడ లెక్కల్లోకి వచ్చినట్టా, రానట్టా? ఇక్కడ ఆగి రెండు పేరాలు రాయాల్సింది.

ఉగాండా ముచ్చటను ఫుట్‌నోట్‌లో పడేశావు. దాన్ని పైకి తీసుకురా. 2018 జూలైలో అక్కడి ప్రభుత్వం మొబైల్ మనీ మీద, అంటే ఫోన్లో డబ్బు పంపుకోవడం, తీసుకోవడం మీద, 1 శాతం పన్ను వేసింది. జనం మళ్లీ నోట్ల వైపు మళ్లారు. ఏడాది తిరక్కుండానే దాన్ని విత్‌డ్రాయల్స్‌కే పరిమితం చేసి, 0.5 శాతానికి దించాల్సి వచ్చింది. ఐరోపా సమాఖ్య అలా కాకుండా ఆన్‌లైన్‌లో అమ్మకాలు జరిగే ప్లాట్‌ఫామ్‌లను పట్టుకుంది. అమ్మకందార్లు 2023 నుంచి ఎంత సంపాదిస్తున్నారో అవే పన్ను శాఖకు చెప్పాలి. కాకపోతే చాటింగ్‌లో ఆర్డర్ తీసుకుని చేతికి నోట్లు పుచ్చుకునేవాడు అందులో దొరకడు. వాడూ నెట్ వాడుతున్నవాడే, నీ గ్రాఫ్‌లో ఉన్నవాడే.

ఆ మొదటి వాక్యం కొట్టేసి, ఉగాండాతో మొదలుపెట్టి చూడు. గ్రాఫ్ ఉండాలనుకుంటే చివర్లో పెట్టు. తిరగరాశాక మళ్లీ పంపు, చూస్తాను.