గీత గీసే ముందు గట్టు సంగతి చూడండి
క్యాంపస్ మైదానాలు, వసతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ మైదానంలో 400 మీటర్ల ట్రాక్ గీశాం. పుస్తకంలో ఉన్నట్టే వ్యాసార్ధం 36.50 మీటర్లు, రెండో లేను స్టాగర్ (బయటి లేను వాళ్ల మొదలు గీతను ముందుకు జరిపే దూరం) 7.04 మీటర్లు పెట్టాం. తీరా కొలిస్తే ఒకటో లేను మాత్రం తక్కువ వస్తోంది. తప్పెక్కడ?
– ఒక పీడీ (ఫిజికల్ డైరెక్టర్), పలమనేరు

జవాబు: పీడీ గారూ, మీ టేపులో తప్పు లేదు, పుస్తకంలోనూ లేదు. ఆ 36.50 అనేది లోపలి అంచున గట్టు ఉన్న ట్రాక్ కొలత. గట్టు ఉంటే పరిగెత్తేవాళ్లు కాలు తగలకుండా కాస్త ఎడంగా పోతారు. అందుకే ఒకటో లేనును గట్టుకు 30 సెం.మీ. అవతల కొలుస్తారు. వట్టి గీత ఉన్నచోట 20 సెం.మీ. దగ్గరే కొలవాలి. మిగతా లేన్లకు ఎప్పుడూ 20 సెం.మీ.లే. ఈ 10 సెం.మీ. తేడా ఒక చుట్టుకు 63 సెం.మీ. అవుతుంది. మీ మైదానంలో రెండో లేను నుంచి అందరూ సరిగ్గా 400 మీటర్లు పరిగెత్తుతుంటే ఒకటో లేను పిల్లవాడు 399.37 మీటర్లతో ముగిస్తున్నాడు. అందరూ ఒకటో లేనులోనే తిరిగే 10,000 మీటర్ల పందెంలో 25 చుట్లకు 15 మీటర్లు పైనే తగ్గుతుంది. ఆ టైమింగు చూసి పిల్లల్ని పై పోటీలకు పంపితే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

దీనికి రెండు దారులున్నాయి. 36.50 దగ్గర 5 సెం.మీ. ఎత్తున గట్టు కట్టించండి. లేదంటే గట్టు లేకుండానే వ్యాసార్ధం 36.60 చేయండి, నేరు భాగాలు 84.39 మీటర్లే ఉంచండి. రెండో దారి పట్టుకుంటే స్టాగర్లన్నీ మారతాయి. రెండో లేనుకు 7.67, మూడుకు 15.33, నాలుగుకు 23.00, ఐదుకు 30.66, ఆరుకు 38.33, ఏడుకు 45.99, ఎనిమిదికి 53.66 మీటర్లు. లేన్ల గీతలన్నీ 10 సెం.మీ. బయటికి జరిపి స్టాగర్లు మాత్రం పాతవే ఉంచేస్తే ఈసారి మిగతా ఏడుగురూ 63 సెం.మీ. ఎక్కువ పరిగెత్తాల్సి వస్తుంది.

ఇక గీసే పద్ధతి. ముందు నడిమి రేఖ మీద 84.39 మీటర్ల దూరంలో రెండు ఇనుప కడ్డీలు సిమెంటు వేసి పాతండి, తల నేల మట్టానికి కాస్త కిందే ఉండాలి. ఏటా మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది. ఒక్కో కడ్డీ నుంచి అటూ ఇటూ లంబంగా 36.60 కొలిచి మేకులు కొట్టండి. నాలుగు మేకుల మధ్య మూల నుంచి మూలకు రెండువైపులా 111.71 మీటర్లు రావాలి. రాకపోతే అక్కడే ఆగి సరిచేయండి, ముందుకు పోవద్దు. వంపు గీయడానికి నైలాన్ తాడు వద్దు, లాగేకొద్దీ సాగుతుంది. ఇనుప తీగ వాడండి. తీగ చివర కడ్డీ చుట్టూ వదులుగా తిరిగే ఉంగరం ఉండాలి. తీగను కడ్డీకి బిగించి కడితే తిరిగేకొద్దీ చుట్టుకుపోతుంది. 12 మి.మీ. కడ్డీ మీద అర్ధచుట్టు పూర్తయ్యేసరికి వ్యాసార్ధం దాదాపు 2 సెం.మీ. తగ్గిపోతుంది. చాలా మైదానాల్లో వంపు చివర గీత నేరు గీతతో కలవకపోవడానికి కారణం ఇదే.

36.60 అనేది లోపలి గీత బయటి అంచుకు. గీత మందం 5 సెం.మీ., లేను వెడల్పు 1.22 మీటర్లు. అందులో కుడివైపు గీత కూడా లెక్కే. అన్నట్టు, గీతలకు సున్నం మానేయండి. కిందపడ్డ పిల్లల కళ్లలో, గాయాల్లో పడితే కాలుతుంది. ముగ్గుపిండి చాలు.

ప్రశ్న: నవంబరు వానలకు మా క్యాంపస్ గ్రౌండు నడుమ మడుగు కడుతోంది. నాలుగు ట్రాక్టర్ల ఇసుక తోలించాం. ఇంకా అధ్వానమైంది.
– ఒక విద్యార్థి సంఘం, చిత్తూరు

జవాబు: బంకమట్టి మీద ఇసుక పోస్తే తొట్టిలో స్పాంజి పెట్టినట్టే. ఇసుక నీళ్లు తాగుతుంది, కింది మట్టి వదలదు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒక్కో వాయుగుండం రోజుల తరబడి కురిపిస్తుంది. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో అందరం చూశాం. అలాంటి వాన ఇంకిపోతుందని కూర్చుంటే కుదరదు, పారిపోయే దారి చూపించాలి.

మైదానం నడుమ ఎత్తుగా, అంచులకు నూటికి ఒకటి చొప్పున వాలు ఉండాలి. నడిమి నుంచి అంచుకు 34 మీటర్లుంటే 34 సెం.మీ. దిగాలన్నమాట. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో ఇది చూసుకోవచ్చు, పెద్ద పరికరం అక్కర్లేదు. చుట్టూ ట్రాక్ ఉంటే దాని వాలు లోపలికి, అదీ నూటికి ఒకటి మించకూడదు. ఈ రెండు వాలులూ కలిసేచోట కాలువ తవ్వాలి. అక్కడ గట్టు ఉంటే నీళ్లు పోవడానికి అడుగున రంధ్రాలు వదలండి. కొండవైపు ఎగువన ఇంకో అడ్డ కాలువ తప్పనిసరి, బయటి నీరు మైదానంలోకి దిగనే కూడదు.

రోలరు ఎప్పుడు తిప్పాలో మట్టే చెబుతుంది. గుప్పిట్లో పిసికితే ఉండ కట్టాలి, అరచేతికి అంటకూడదు. తడిగా ఉన్నప్పుడు తిప్పితే పైన అచ్చు పలకలా బిగుసుకుని నీళ్లు దిగనివ్వదు. ఈ పనులన్నీ సెప్టెంబరు లోపే ముగించండి.

ప్రశ్న: హాస్టల్ ట్యాంకు 10,000 లీటర్లు. బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలి? వేసిన మర్నాడు పిల్లలు వాసనంటున్నారు, కొన్నాళ్లకు అసలు పని చేస్తున్నట్టే లేదు.
– ఒక వార్డెన్, తిరుపతి

జవాబు: అమ్మా, మంచి పౌడరైతే 1,000 లీటర్లకు 2.5 గ్రాములు, మీ ట్యాంకుకు 25 గ్రాములు. చెంబుతో ఉజ్జాయింపుగా వేస్తే ఒకరోజు ఘాటు, ఒకరోజు సున్నా. వంటింటి తక్కెడలో తూచండి. ప్లాస్టిక్ బక్కెట్లో కొద్ది నీళ్లతో ముద్దచేసి, తర్వాత నీళ్లు నింపి కలిపి, పది నిమిషాలు తేరనివ్వండి. పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి, అడుగు సున్నం వద్దు. గంట తర్వాతే కొళాయిలు విప్పాలి. ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కొళాయి దగ్గర క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండాలి.

కొన్నాళ్లకు పని చేయకపోవడానికి కారణం సాధారణంగా విప్పి ఉంచిన సంచి. గాలి, తేమ, ఎండ తగిలితే క్లోరిన్ ఎగిరిపోయి పొడి మిగులుతుంది. రెండోది ట్యాంకు అడుగు బురద, అది క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు కడిగించండి. ఒక్కమాట: బ్లీచింగ్‌ను మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో ఎన్నడూ కలపనివ్వకండి, వచ్చే వాయువు ప్రాణం మీదికి తెస్తుంది. పనివాళ్లకు దగ్గరుండి చెప్పండి.

ప్రశ్న: క్యాంపస్ రోడ్ల వెంబడి ఎర్రచందనం నాటొచ్చా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: శేషాచలం కొండల చెట్టు కాబట్టి నిక్షేపంగా పెరుగుతుంది, నీరు నిలవని చోటైతే చాలు. కానీ పెరుగుదల నిదానం, ఎండలు ముదిరే ముందే ఆకు రాల్చేస్తుంది, ఆనక కొట్టాలన్నా తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. నడిచేవాళ్లకు నీడ కావాలంటే కానుగ, వేప నాటండి. గరుసు నేలలో గుంత మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. అంతకు తగ్గితే వేర్లు కుండీలో ఉన్నట్టే చుట్టుకుంటాయి. సెప్టెంబరు చివర నాటితే మూడు నెలల వాన దక్కుతుంది, తొలి ఎండాకాలానికి వారానికి రెండుసార్లు నీళ్లు పోసే మనిషిని ఇప్పుడే కుదుర్చుకోండి.