వెక్టార్లు అర్థం కాలేదని ఎంపీసీ మాన్పించాలా?

ప్రశ్న: మా పెద్దబ్బాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంటర్ ఎంపీసీలో చేర్పించాం. ఫిజిక్స్‌లో స్కేలార్లు, వెక్టార్ల దగ్గరే ఆగిపోయాడు. వీక్లీ టెస్టుల్లో వందకు 30 దాటడం లేదు. బైపీసీకో, సీఈసీకో మార్చమంటారా? చిన్నవాడు ఏడో తరగతి. వాడినైనా ఇప్పటి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమంటారా? ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఫస్టియర్ మొదలైన నెలా రెండు నెలల్లో ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడూ వస్తుంది. గ్రూపు సంగతి అలా ఉంచండి. మావాడికి ఇంజినీరింగ్ చదివే తెలివి లేదేమోనన్న దిగులు మిమ్మల్ని తినేస్తోంది. ఒక్క పాఠం చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. నేనైతే అసలు చెప్పను.

ఆ పాఠంలో ఏం జరుగుతుందో చూడండి. ద్రవ్యరాశి, కాలం లాంటి అదిశ రాశులకు (స్కేలార్లకు) మూడూ నాలుగూ కలిపితే ఎప్పుడైనా ఏడే. చిన్నప్పటి నుంచి పిల్లలకు తెలిసిన కూడిక అది. బలం సదిశ రాశి, అంటే వెక్టార్. 3 న్యూటన్ల బలం, 4 న్యూటన్ల బలం ఒకే దిశలో ఉంటే ఫలితం 7, ఎదురెదురుగా ఉంటే 1, లంబంగా ఉంటే 5. ఇన్నేళ్లూ నమ్ముకున్న కూడిక పదహారేళ్ల వయసులో మారిపోతే తడబడరా?

పైగా 'దిశ ఉంటే వెక్టార్, లేకపోతే స్కేలార్' అని ఒక్క ముక్క బట్టీ పట్టిస్తారు. కరెంటుకు బాణం గుర్తు వేస్తాం కదా, మరి అది స్కేలార్ ఎలా అయింది? 3 ఆంపియర్లు, 4 ఆంపియర్లు మోసుకొచ్చే రెండు తీగలు ఒకచోట కలిస్తే, వాటి మధ్య కోణం ఎంతున్నా మూడో తీగలో వెళ్లేది 7 ఆంపియర్లే. దిశ ఉంటే సరిపోదు, పైన బలాలను కలిపినట్టు కోణాన్ని బట్టి, అంటే సమాంతర చతుర్భుజ నియమం ప్రకారం కూడితేనే అది వెక్టార్. మీవాడు ఇలాంటి అనుమానం దగ్గర ఆగిపోయి ఉంటే నేను సంతోషిస్తాను.

చాలామందికి అసలు చిక్కు త్రికోణమితిలో ఉంటుంది. 10 న్యూటన్ల బలం క్షితిజంతో 60 డిగ్రీల కోణంలో ఉంటే క్షితిజ దిశలో దాని అంశం (ఆ దిశలో పనిచేసే భాగం) ఎంతో అడగండి. 5 అని చెప్పలేకపోతే పదో తరగతి లెక్కల పుస్తకం మళ్లీ తీయించండి. గ్రాఫ్ కాగితం మీద 4, 3 సెంటీమీటర్ల గీతలను బాణాలుగా వేసి, ఒకదాని కొన నుంచి రెండోది గీసి, మొదలుకూ చివరకూ మధ్య దూరం స్కేలుతో కొలవమనండి. కోణం మారిస్తే కొలత మారడం కళ్లారా చూస్తాడు. ఈ పాఠాన్ని వదిలేయడానికి మాత్రం లేదు. ప్రక్షేపకాలు (విసిరిన వస్తువుల కదలిక), న్యూటన్ నియమాలు, సెకండియర్‌లో విద్యుత్ క్షేత్రం అన్నీ దీని మీదే నడుస్తాయి.

బైపీసీకి మారినా ఫిజిక్స్ తప్పదు, అక్కడా ఈ వెక్టార్లే. సీఈసీలో లెక్కలూ ఉండవు, ఫిజిక్సూ ఉండదు. కామర్స్ అంటే ఇష్టమైతే అది మంచి చదువే. భయపడి పారిపోయే చోటుగా మాత్రం దాన్ని చూడొద్దు.

చిన్నవాడి సంగతి. ఏడో తరగతి ఫౌండేషన్ మీద నాకు నమ్మకం లేదు. సైన్, కాస్ స్కూల్లో పదో తరగతికి గానీ రావు. అంతకుముందే, కాస్ లేనిదే అర్థం కాని డాట్ ప్రొడక్ట్ (వెక్టార్ల గుణకారం) సూత్రం అప్పజెప్పించి, పిల్లవాడు ముందున్నాడని ఫీజు కట్టించుకుంటారు. తీరా ఇంటర్‌లో 'ఇది నాకొచ్చు' అనుకుని పాఠం వినడు. సూత్రం వస్తుంది, అర్థం తెలియదు. సాయంత్రాలు ఆడుకోనివ్వండి, భిన్నాలు, బీజగణితం గట్టిగా నేర్పించండి. ఆ వయసుకు అంతకు మించి అక్కర్లేదు.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మార్కులు రాశారు గానీ, వాడికి ఏది అర్థం కాలేదో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? పెద్దవాడి మీద ఆశ వదులుకుని చిన్నవాడి మీద పెట్టుకుంటున్నట్టుంది మీ ఉత్తరం. ఆ సంగతి ఇంట్లో ఉన్న పిల్లవాడికి తెలియకుండా ఉంటుందా? ఆ టెన్షన్‌తో ఏ లెక్కా బుర్రకెక్కదు.

హాఫ్ ఇయర్లీ పరీక్షల దాకా గ్రూపు మాట ఎత్తకండి. వీక్లీ టెస్ట్ మార్కులు అడగడం మానేసి, తప్పుపోయిన లెక్కల్లో ఒకటి మీకు వివరించమనండి. మీకు అర్థం కాకపోయినా వినండి. ఆ తర్వాత కూడా వాడే 'నాకు ఈ సబ్జెక్టు వద్దు' అంటే మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం వాడితో రాయించండి.