ఎత్తు మైనస్ 3 సెంటీమీటర్లు ఎలా వచ్చింది?

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఫస్టియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో మూడు గ్రూపుల ఎత్తులు ర్యాండమ్‌గా తీయాలి. సగటులు 150, 155, 160 సెంటీమీటర్లు, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే నంబర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) మాత్రం మూడింటికీ 6, గ్రూపుకి అయిదుగురు. ఎస్‌అప్లై(సగటులు, ఆర్‌నార్మ్, 5, 6) అని రాశాను. ఎర్రర్ ఏమీ రాలేదు కానీ వందలకొద్దీ నంబర్లు వచ్చాయి, కొన్ని మైనస్ 3, మైనస్ 4 కూడా ఉన్నాయి. మారని 6ని ఫంక్షన్ లోపలికి ఎలా పంపాలి?

– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఒక మాట అమ్మా, ఆ మైనస్ నంబర్ దగ్గర ఆగి అడిగారు చూశారూ, చాలా మంచి పని చేశారు, ఎర్రర్ రాలేదు కదా అని చాలామంది అలాగే రిపోర్టులో పెట్టేస్తారు.

ఆర్‌నార్మ్ అంటే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ నుంచి ర్యాండమ్ నంబర్లు తీసే ఫంక్షన్, దానికి మూడు సీట్లున్నాయి (మనం విలువలు ఇచ్చే చోట్లు, వీటినే ఆర్గ్యుమెంట్లు అంటారు), వరసగా ఎన్ (ఎన్ని నంబర్లు కావాలో), మీన్ (సగటు), ఎస్‌డీ. ఎస్‌అప్లై ఏం చేస్తుందంటే మీ లిస్టులోంచి ఒక్కో సగటుని తీసి పేరు లేకుండా మొదటి ఆర్గ్యుమెంట్‌గా పంపుతుంది, ఆ వెనకాలే మీరిచ్చిన 5, 6 వెళ్తాయి. కాబట్టి 150 వెళ్ళి ఎన్ సీట్లో కూర్చుంది, 5 సగటు అయింది, 6 ఒక్కటీ అదృష్టం కొద్దీ సరైన చోటే పడింది. అంటే మీకొచ్చింది సగటు 5 ఉన్న 150 నంబర్లు, తర్వాత 155, తర్వాత 160, మొత్తం 465. సగటు 5, ఎస్‌డీ 6 అయితే అయిదింట ఒకటి దాకా సున్నా కంటే తక్కువే వస్తాయి మరి.

మందు చిన్నదే, మారని వాటికి పేర్లు పెట్టి పంపండి: ఎస్‌అప్లై(సగటులు, ఆర్‌నార్మ్, ఎన్ = 5, ఎస్‌డీ = 6). బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేస్తాం కదా, అచ్చం అలాగే, ఎన్‌కీ ఎస్‌డీకీ ముందే రుమాలు పడిపోయింది కాబట్టి పేరు లేకుండా వచ్చిన 150 మిగిలిన సీట్లో, అంటే మీన్‌లో కూర్చుంటుంది. ఇప్పుడు 5 వరసలు, 3 నిలువు కాలమ్స్ ఉన్న మ్యాట్రిక్స్ వస్తుంది. ఇది కూడా తికమకగా ఉంటే ఫంక్షన్(ఎమ్) ఆర్‌నార్మ్(5, మీన్ = ఎమ్, ఎస్‌డీ = 6) అని అక్కడికక్కడే చిన్న ఫంక్షన్ రాసి పంపండి, నేనైతే స్టూడెంట్స్‌కి ఇదే చెప్తాను, ఆర్నెల్ల తర్వాత చదివినా ఏది మారుతోందో ఏది మారట్లేదో కంటికి కనిపిస్తుంది.

మీ 6 ఎక్కడిదో కూడా ఒకసారి చూసుకోండి. టెక్స్ట్‌బుక్‌లో నార్మల్ పక్కన బ్రాకెట్లో రాసేది మామూలుగా వేరియన్స్ (ఎస్‌డీ వర్గం), ఆర్ అడిగేది ఎస్‌డీ, పుస్తకంలో 36 ఉందని 36 ఇస్తే ఎత్తులు ఎక్కడెక్కడికో పోతాయి. ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ నుంచి నంబర్లు తీసే ఆర్‌ఎక్స్‌ప్ కూడా ఇంతే, అది అడిగేది రేటు (1/సగటు), సగటు 10 కావాలంటే 0.1 ఇవ్వాలి.

రేపు గ్రూపు సైజులు కూడా మారితే ఎమ్అప్లై (ఒకేసారి రెండు మూడు లిస్టుల్లోంచి ఒక్కో విలువ తీసి పంపే ఫంక్షన్) వాడతారు, అక్కడ ఇంకో గుంట ఉంది. ఎస్‌డీ లాంటి ఒక్క నంబర్ అయితే అదే రిపీట్ అవుతుంది, ఇబ్బంది లేదు. మారనిది ఒక వెక్టర్ (నంబర్ల వరస) అయితేనే చిక్కు. ఉదాహరణకి 10, 20, 30 అనే మూడు విలువల్లోంచే ఒకసారి 1, ఒకసారి 2, ఒకసారి 3 తీయాలనుకోండి, అలా ర్యాండమ్‌గా ఏరే ఫంక్షన్ పేరు శాంపుల్. ఎమ్అప్లై(శాంపుల్, ఎక్స్ = ఆ వెక్టర్, సైజ్ = 1 నుంచి 3) అంటే అది వెక్టర్‌ని ముక్కలు చేసి ఒక్కో నంబర్‌నే పంపుతుంది, శాంపుల్‌కి ఒంటరిగా 10 అందితే 1 నుంచి 10 దాకా అన్నిట్లోంచీ తీస్తుంది. మీ డేటాలో లేని 7, 13 లాంటివి వచ్చేస్తాయి, మళ్ళీ ఎర్రర్ ఉండదు. అందుకే మారని వెక్టర్‌ని మోర్‌ఆర్గ్స్ = లిస్ట్(ఎక్స్ = ...) లో పెట్టి పంపాలి, అప్పుడది ముక్కలవకుండా ప్రతిసారీ మొత్తంగా వెళ్తుంది.

చివరిగా సెట్‌సీడ్ (ర్యాండమ్ నంబర్లు ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే ఆదేశం), ఇది ఫంక్షన్ బయట, పైన ఒక్కసారే ఉండాలి. లోపల పెట్టారంటే ప్రతి గ్రూపుకీ అవే ర్యాండమ్ నంబర్లు మళ్ళీ మొదలవుతాయి. సరిచేసిన కోడ్ రన్ చేశాక మ్యాట్రిక్స్‌లో రెండో కాలమ్‌లోంచి మొదటిది తీసేసి చూడండి, అయిదు వరసల్లోనూ ఖచ్చితంగా 5, 5, 5 అని వస్తే సీడ్ లోపలే ఉండిపోయిందన్నమాట.