నానక్‌రామ్‌గూడలో పని ఉన్నవారు చార్మినార్ దగ్గర దిగవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కాకినాడ నుంచి ఐదు రోజుల పని మీద మొదటిసారి హైదరాబాదు వస్తున్నారు, పని నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది, గది అద్దెకు కంపెనీ రోజుకు రూ. 5,000 వరకు ఇస్తుంది. ఎలాగూ వస్తున్నారు కాబట్టి చార్మినార్ దగ్గరో, ఆబిడ్స్‌లోనో దిగితే సాయంత్రాలు పాతనగరం చూడవచ్చునని అనుకుంటున్నారు. నేను విశాఖపట్నంలో ఒక ఆడిట్ సంస్థలో పనిచేస్తూ, తొమ్మిదేళ్లుగా ఏడాదికి నాలుగైదు సార్లు అదే ప్రాంతానికి వస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, అలా చేయకండి. పని ఉన్నచోటే దిగి, పాతనగరానికి ఒక పూర్తి రోజును విడిగా ఉంచుకోండి.

మొదటిసారి వచ్చినప్పుడు నేను కూడా మీలాగే ఆలోచించి, నాంపల్లి స్టేషన్లో రైలు దిగి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, ఆబిడ్స్‌లో గది తీసుకున్నాను. గదికి వంక పెట్టడానికేమీ లేదు, అద్దె కూడా తక్కువే. అయితే నానక్‌రామ్‌గూడ అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. మ్యాపులో అది పెద్ద దూరంగా కనిపించదు గానీ, ఉదయం తొమ్మిదింటికి మెహదీపట్నం, టోలీచౌకి దాటి గచ్చిబౌలి వైపు కదిలే వాహనాల మధ్య నాకు రోజూ గంటన్నర పట్టేది. వాన పడిన ఒక సాయంత్రం తిరుగు ప్రయాణానికి రెండున్నర గంటలు పట్టింది. గదికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదో అయ్యేది, స్నానం చేసి పడుకోవడం తప్ప మరో ఆలోచన ఉండేది కాదు. చార్మినార్ అంత దగ్గరలో ఐదు రాత్రులు పడుకుని, దాన్ని చూడకుండానే తిరిగి వెళ్లాను.

ఈ ఇబ్బందికి మూలం నగరం పెరిగిన తీరులో ఉంది. 1591లో కట్టిన చార్మినార్ చుట్టూ మూసీకి దక్షిణాన పాతనగరం ఏర్పడితే, 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరిచిన తరువాత ఐటీ ఉద్యోగాలు పడమటి దిక్కుకు సాగి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా వెళ్లాయి. మీరు వెళ్తున్నది శివారుకు కాదు, అది తనంతట తానుగా ఒక నగరం. అందుచేత బుకింగ్ సైట్లలో ప్రతి హోటల్ కింద ‘సిటీ సెంటర్‌కు ఇన్ని కిలోమీటర్లు’ అని కనిపించే అంకెను మీరు పూర్తిగా పక్కన పెట్టవచ్చు. మీకు కావలసిన దూరం మీ ఆఫీసు గేటు నుంచి కొలవవలసినదే.

మెట్రో ఉంది కదా అని మీరు అడగవచ్చు. నీలి మార్గం నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా వచ్చి రాయదుర్గంలో ఆగిపోతుంది. మీ ఆఫీసు రాయదుర్గం స్టేషన్‌కో, హైటెక్ సిటీ స్టేషన్‌కో నడక దూరంలో ఉండి ఉంటే అమీర్‌పేటలోనో బేగంపేటలోనో దిగమని నిస్సంకోచంగా చెప్పేవాణ్ణి. కానీ నానక్‌రామ్‌గూడకు మెట్రో లేదు. రాయదుర్గంలో దిగాక మిగిలే ఆ కొద్ది కిలోమీటర్లకు, అందరూ ఒకేసారి ఆటోలు, క్యాబులు వెతికే వేళలో, మీ ఓపిక ఖర్చవుతుంది. ఇంకో జాగ్రత్త చెప్పాలి: హైటెక్ సిటీ పేరుతో రెండు స్టేషన్లు ఉన్నాయి, ఒకటి మెట్రోది, మరొకటి ఎంఎంటీఎస్ లోకల్ రైలుది. రెండూ పక్కపక్కన లేవు. ‘హైటెక్ సిటీ స్టేషన్‌కు దగ్గర’ అని హోటల్ వారు రాస్తే అది ఏ స్టేషనో అడిగి తెలుసుకోండి.

కాబట్టి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కొండాపూర్‌లలో వెతకండి. ఈ మూడింటిలో నాకు కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఎక్కువ నచ్చుతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నడిబొడ్డున ఉన్న హోటళ్లు ఆఫీసుకు దగ్గరే అయినా, రాత్రి పదింటికి బయటికి వచ్చి ఇడ్లీయో, పెరుగన్నమో, ఒక మందుబిళ్లో కొనుక్కుందామంటే నాకు చాలాసార్లు చుట్టూ అద్దాల భవనాలే కనిపించాయి. కొండాపూర్‌లో టిఫిన్ సెంటర్లు, మెస్సులు, మందుల షాపులు నడక దూరంలో దొరుకుతాయి. పరాయి ఊళ్లో ఐదు రోజులు ఉండేవారికి ఇది గది విశాలంగా ఉండటం కన్నా పెద్ద సుఖం.

హోటల్‌కూ ఆఫీసుకూ మధ్య దూరం చూసేటప్పుడు కిలోమీటర్లతో పాటు రోడ్డుకు ఏ పక్కన ఉందో చూడండి. ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఒకసారి గచ్చిబౌలిలో నా గది కిటికీలోంచి నేను వెళ్లవలసిన భవనం ఎదురుగా కనిపించేది, ఐదు నిమిషాల్లో చేరిపోతానని సంతోషించాను. మధ్యలో డివైడర్, దాటడానికి దారి లేదు, వంతెన లేదు. క్యాబు ఎక్కితే చాలా దూరం వ్యతిరేక దిశలో వెళ్లి యూటర్న్ తీసుకుని రావాలి, ఆ యూటర్న్ దగ్గరే ఉదయం పదిహేను, ఇరవై నిమిషాలు నిలబడేవాళ్లం. అప్పటి నుంచి హోటల్ ఖాయం చేసే ముందు మ్యాపులో పనిరోజు ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరినట్టుగా సమయం పెట్టి ఒకసారి, సాయంత్రం ఆరున్నరకు తిరిగి వస్తున్నట్టుగా మరొకసారి దారి చూసుకుంటున్నాను. వెళ్లేదారి, వచ్చేదారి ఒకేలా ఉండవు.

ఇక గది. ఫోటోలను చూసి గదిని ఎంచుకోవద్దని నా మనవి, ఎందుకంటే నిద్ర చెడగొట్టేవి ఏవీ ఫోటోలో కనిపించవు. బుకింగ్ చేసే కాల్ సెంటర్‌కు కాకుండా నేరుగా ఆ హోటల్ రిసెప్షన్‌కు ఫోన్ చేసి, మొట్టమొదట ఫంక్షన్ హాల్ ఉందా, ఉంటే మీరు ఉండే తేదీల్లో పెళ్లిళ్లు, రిసెప్షన్లు ఉన్నాయా అని అడగండి. ఒక క్లయింటు ముందు నివేదిక చదవవలసిన రోజుకు ముందు రాత్రి నాకు ఫంక్షన్ హాల్ పై అంతస్తులో గది ఇచ్చారు. డీజే ఆగాక, బరాత్ బ్యాండు కూడా ఆగాక, సామాను సర్దేవారి చప్పుడు తెల్లవారుజామున రెండు దాటేదాకా సాగింది. మరునాడు నా నివేదికలో ఒక అంకె తప్పు చదివాను. అంత చిన్న విషయం ఇన్నేళ్లయినా నన్ను బాధిస్తూనే ఉంది. కిటికీ ఎటు తెరుచుకుంటుందో కూడా అడగండి, జనరేటర్ వైపో, వంటగది పొగగొట్టం వైపో అయితే వేరే గది కోరండి. ఈ పడమటి ప్రాంతమంతా గట్టి రాతి నేల కావడంతో పునాదుల కోసం బండలు పగలగొట్టే యంత్రాలు ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటాయి, పక్క స్థలంలో నిర్మాణం జరుగుతోందా అన్నదీ తెలుసుకోవలసిందే. సరైన ఎత్తున్న రాతబల్ల, వీపు ఆనించుకునే కుర్చీ, మంచం పక్కన ప్లగ్గు, ఏడింటికే మొదలయ్యే టిఫిన్, ఇవి ఉన్నాయంటే నాకు చాలు. ఈత కొలను, జిమ్ము కోసం డబ్బు ఎక్కువ పెట్టవద్దు, నేను ఈ తొమ్మిదేళ్లలో వాటిని వాడింది లేదు.

అద్దెలు వారం పొడవునా ఒకలా ఉండవు. ఆఫీసుల ప్రాంతం కావడంతో సోమవారం నుంచి గురువారం దాకా ఎక్కువగా, వారాంతాల్లో తక్కువగా ఉంటాయి. హైటెక్స్ ప్రదర్శన ప్రాంగణంలోనో, దాని పక్కనున్న హెచ్‌ఐసీసీ సదస్సుల భవనంలోనో పెద్ద సదస్సు ఉన్న వారంలో ఒక్కసారిగా పెరిగిపోతాయి, అందుచేత తేదీలు మీ చేతిలో ఉంటే ముందు ఆ క్యాలెండరు చూసుకోండి. జీఎస్టీ సంగతి కూడా తెలుసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ. 7,500 వరకు ఉన్న గదికి 5 శాతం, అంతకు మించితే 18 శాతం పన్ను పడుతోంది. మీకిచ్చే రూ. 5,000 పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది బయలుదేరే ముందే అకౌంట్స్ వారిని అడగండి. హోటల్ బస మీద పన్ను ఆ భవనం ఉన్న రాష్ట్రానికి చెందుతుంది కనుక బిల్లులో కేంద్ర జీఎస్టీతో పాటు తెలంగాణ జీఎస్టీ వేస్తారు. మీ కంపెనీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌లో మాత్రమే ఉంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడం, అంటే కంపెనీ కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం, కుదరదు, ఆ పన్నంతా ఖర్చు కిందే రాసుకోవాలి. బిల్లు చేతికి వచ్చాక మా క్లయింట్లు ఈ విషయంలోనే ఎక్కువగా వాదనకు దిగుతుంటారు.

కాకినాడ నుంచి వస్తున్నారు కనుక మీకు ఒక వెసులుబాటు ఉంది. గౌతమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదులో ఆగిపోకుండా లింగంపల్లి దాకా వస్తుంది, గచ్చిబౌలి వైపు వెళ్లేవారికి అదే దగ్గర. టికెట్ అక్కడిదాకా తీసుకోండి. ఉదయం రైలు దిగేవారికి అసలు చిక్కు చెక్-ఇన్ వేళ: ఈ తరహా హోటళ్లలో గది మధ్యాహ్నం పన్నెండుకో రెండింటికో గానీ ఇవ్వరు. ఉదయాన్నే గది ఇస్తామని రిసెప్షన్ వారు మాట ఇస్తే, దాన్ని మెయిల్లో రాసి పంపమనండి.

పాతనగరం సంగతి చివరికి ఉంచాను గానీ, అది చూడకుండా వెళ్లమని నేను చెప్పడం లేదు. శుక్రవారం సాయంత్రం పని ముగిశాక సామానుతో సహా నాంపల్లి వైపు మారి, 24 గంటల చెక్-అవుట్ ఉన్న లాడ్జిలో ఒక్క రోజుకు గది తీసుకోండి. రాత్రి ఏడింటికి దిగితే మరునాడు రాత్రి ఏడింటిదాకా గది మీదే. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం మూసి ఉంటాయి కాబట్టి శనివారమే సరైన రోజు. నాంపల్లి మెట్రో నుంచి మూడో స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కడి నుంచి మ్యూజియానికి నడిచి వెళ్లవచ్చు, ఆ తరువాత ఆటోలో చౌమహల్లాకు, చార్మినార్‌కు వెళ్లండి. చార్మినార్ పైకి ఎక్కాలనుకుంటే సాయంత్రం దాకా ఆగకండి, చార్మినార్ పక్కనే ఉన్న గాజుల బజారు లాడ్ బజార్ మాత్రం దీపాలు వెలిగాకనే చూడండి. తిరిగి నాంపల్లికి వచ్చి సామాను తీసుకుని, అమీర్‌పేటలో మెట్రో మారి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగితే కాకినాడ రైలు అందుతుంది.