బోర్డు మీది పిరమిడ్‌ను కొన్నాళ్లు చెరిపెయ్

ఒంగోలు

అమ్మాయికి ఆశీస్సులు.

కావలిలో ఇంటర్ పిల్లలకు నవల ఇతివృత్తం చెబుతుంటే దిక్కులు చూస్తున్నారని రాశావు. చూడరూ మరి! మొదటిరోజే పిరమిడ్ గీసి ఆరంభం, ఆరోహణ, పరాకాష్ఠ, అవరోహణ, ముగింపు అని పేర్లు తగిలించావు. 1863లో ఫ్రెయ్‌టాగ్ అనే జర్మన్ రచయిత ఆ నమూనాను నాటకాల కోసం చెప్పాడు. మన నాట్యశాస్త్రంలో కథను విభజించే అయిదు సంధులూ నాటకానివే. నవలలన్నీ వాటిలో ఇమడవు.

ముందు నాలుగు వాక్యాలు రాయి. 'ఒక రైతు అప్పు చేసి రొయ్యల గుంట వేశాడు. తుఫాను వచ్చింది. రొయ్యలు చచ్చాయి. కూతురు చదువు మానేసింది.' ఒకదాని వెంట మరొకటి ఎందుకు జరిగిందో పిల్లలనే చెప్పమను. గుంటలున్న ఇళ్ల పిల్లలు ఒకరిద్దరున్నా చాలు. కరెంటు పోయింది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది, మేత అరువిచ్చిన వ్యాపారి గుమ్మం ముందు నిలబడ్డాడు అని వాళ్లే అల్లుకుపోతారు. జనరేటర్ ఎందుకు నడపలేదని ఎవరో ఒకరు అడగాలి. అడగకపోతే నువ్వే అడుగు. డీజిలు డబ్బు కూతురి ఫీజుకు కట్టేశాడని ఒక్కరు కల్పించినా చాలు, అసలు కథ అక్కడ అందుకుంటుంది.

పరాకాష్ఠ ఎక్కడంటే అందరూ తుఫాను అంటారు. హడావుడి ఎక్కువగా ఉన్నచోటే అది ఉంటుందని వాళ్ల నమ్మకం, సినిమాల చలవ. తుఫాను వెలిశాక కూడా రైతు ముందు రెండు దారులున్నాయి కదా: మళ్లీ అప్పు చేసి రొయ్య పిల్లను వదలడం, లేదా ఉన్న పొలం అమ్మి అమ్మాయిని చదివించడం. ఏది ఎంచుకున్నాక ఇక వెనక్కి రాలేడో ఆ ఘడియను పట్టుకోమను.

ఆ తర్వాతే నవల తెరువు. కందుకూరి 'రాజశేఖర చరిత్రము' అయితే భాష పిల్లలకు కొరుకుడు పడదు కాబట్టి కథను నీ మాటల్లో చెప్పి, ఒకటి రెండు ఘట్టాలు మాత్రం చదివి వినిపించు. బంగారం చేస్తానన్న బైరాగి మోసాన్ని కథలోంచి తీసేస్తే ఏమవుతుందని అడుగు. రాజశేఖరుడు ఇల్లు వదిలేవాడు కాదని కొందరంటారు. పొగడ్తలకు పొంగి డబ్బు ధారపోసే మనిషికి ఎలాగూ ఆ గతి తప్పదని ఇంకొందరంటారు. తీర్పు చెప్పకు, గంట కొట్టేదాకా వాదించుకోనీ. కథను సంఘటన నడుపుతోందా, మనిషి గుణం నడుపుతోందా అన్న ప్రశ్న దగ్గరికి వాళ్లంతట వాళ్లే వచ్చారంటే నీ పాఠం సగం అయిపోయినట్టే.

వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలలతో జాగ్రత్త. పాఠకుణ్ని వచ్చే వారం దాకా పట్టి ఉంచడానికి ప్రతి భాగం చివరా ఒక ఉత్కంఠ పెడతారు. పిల్లలు వాటన్నిటినీ పరాకాష్ఠలుగా లెక్కపెడతారు.

పరీక్షకు ఆ ఆరంభం, ఆరోహణ లాంటి పేర్లు కావాలి, కాదనను. చివర్లో అరగంట చాలు.

ముగింపు మాత్రం తప్పకుండా రాయించు. రైతుకు లాటరీ తగిలిందని సగం మంది రాస్తారు. మార్కులు కోయకు. ఆ టికెట్ ఎప్పుడు కొన్నాడో, ఏ డబ్బుతో కొన్నాడో కథ మొదట్లో చూపించి మళ్లీ రాసుకురమ్మను.

ఇట్లు
మీ మాస్టారు