ఇథియోపియాకి వస్తూ కాఫీపొడి మోసుకురాకండి

ప్రశ్న: యూనివర్సిటీ ఉద్యోగం మీద అడిస్ అబాబా వస్తున్నాం. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ గొంతులో పడకపోతే మాకు తెల్లారదు. ఏడాదికి సరిపడా పొడి తెచ్చుకోవాలా?

జవాబు: పొడి వద్దు. స్టీలు ఫిల్టరు, అరకిలో చికోరీ పెట్టుకోండి. చికోరీ ఇక్కడ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. కాఫీకి మాత్రం కొదవేముంది? మన అరకులో పండే అరబికాకి కూడా పుట్టిల్లు ఈ దేశపు నైరుతి అడవులే.

కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది మొదటి వారంలోనే పెదవి విరుస్తారు. కొట్లో పొడి కొని, ఫిల్టరులో వేసి, పాలు కలిపితే పల్చగా, పుల్లగా ఉంటుంది. తప్పు గింజది కాదు, ఎంపికది. యిర్గాచెఫె అనే ప్రాంతపు కాఫీకి పేరు గొప్పది కదా అని దాన్నే కొంటారు. కడిగి ఆరబెట్టే ఆ రకంలో పూల వాసన, నిమ్మ పులుపు ఉంటాయి. పాలు పోస్తే వాసన పోయి పులుపు మిగులుతుంది. దాన్ని పాలు లేకుండానే తాగాలి. పాలలోకి వొల్లెగా, జిమ్మా వైపు పండుతోనే ఎండబెట్టిన గింజలు అడగండి. హరర్ కూడా బాగుంటుంది, కాకపోతే ద్రాక్షసారా లాంటి వాసన అందరికీ నచ్చదు.

సంతలో 'తిరె బున్న' అంటే పచ్చి గింజలు, 'యెతెకొల్లా బున్న' అంటే వేయించినవి. పచ్చివి కొనడమే మేలు. గుడ్డసంచీలో తడి తగలకుండా ఉంచితే నెలల తరబడి నిలవ ఉంటాయి. మేలురకం సరుకు ఎక్కువగా ఎగుమతికే పోతుంది కాబట్టి, సంత గింజల్ని చేటలో పోసి బియ్యం ఏరినట్టే ఏరాలి. నల్లవి, పురుగు తొలిచినవి, విరిగినవి, రాళ్ళు తీసెయ్యండి. నాలుగు పాడుగింజలు చాలు, డికాషన్ అంతా మట్టివాసన కొట్టడానికి.

వేయించడానికి మందపాటి ఇనప మూకుడు కావాలి. ఒక వాయికి 200 గ్రాములు మించొద్దు, ఎక్కువ పోస్తే కిందివి మాడి పైవి పచ్చిగా ఉంటాయి. మధ్యస్థపు సెగ మీద చెయ్యి ఆపకుండా కలపాలి. గింజ ముందు పసుపు, తర్వాత లేత గోధుమరంగుకి తిరుగుతుంది. ఎనిమిది, పది నిమిషాలకి పేలాల్లా చిటపటలు మొదలవుతాయి. పాలు లేని కాఫీకి ఆ చిటపటలు సద్దుమణగ్గానే దించెయ్యొచ్చు. ఫిల్టర్ కాఫీకి ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. రెండోసారి సన్నగా చిటచిటమంటూ గింజ మీద నూనె మెరుపు కనబడగానే దించి, వెంటనే చేటలో పోసి చెరగండి. పొట్టూ ఎగిరిపోతుంది, గింజా చల్లారుతుంది. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే బొగ్గవుతుంది. పొగ బాగా వస్తుంది, కిటికీలు తీసి పెట్టుకోండి. 200 గ్రాములకి దాదాపు 165 గ్రాములు మిగులుతాయి. ఆ రోజే పొడి కొట్టకండి. గింజలోంచి గాలి ఇంకా వస్తూ ఉంటుంది, వేడినీళ్ళు పొయ్యగానే పొడి పొంగి నీళ్ళు సమంగా దిగవు. ఒక రోజు ఆగండి.

కొట్లో పొడి పట్టిస్తే వాళ్ళు జెబెనాకి, అంటే కాఫీ కాచే మట్టి కూజాకి, సరిపోయేలా మెత్తగా పట్టేస్తారు. అది ఫిల్టరు చిల్లుల్ని మూసేస్తుంది, తెల్లారినా డికాషన్ దిగదు. కొంచెం బరక ఉండాలని ముందే చెప్పండి. ముగ్గురికి 32 గ్రాముల పొడి, 8 గ్రాముల చికోరీ, 200 మిల్లీలీటర్ల నీళ్ళు. డికాషన్ 120 దాకా దిగుతుంది. చికోరీ ఉబ్బి నీళ్ళని పట్టి ఉంచుతుంది, అందుకే మెల్లగా, చిక్కగా దిగుతుంది. చికోరీ అయిపోతే పొడి పావు వంతు పెంచండి.

అడిస్ 2,300 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగిన నీళ్ళని ఒక్క క్షణం కూడా ఆగకుండా ఫిల్టరులో పొయ్యాలి. పాలూ అంతే, పొంగినా మన ఊళ్ళో అంత వేడి ఉండవు. గ్లాసుల్ని ముందు వేడినీళ్ళతో తొలిపి పెట్టుకోండి.

పక్కింటివాళ్ళు 'బున్న'కి, అంటే కాఫీకి, పిలిస్తే గంట పైనే పడుతుందని తెలిసి వెళ్ళండి. కళ్ళ ముందే గింజలు కడిగి, వేయించి, ఆ పొగని మీ ముందుకి తెస్తారు. చేత్తో మీ వైపు తోలుకుని వాసన చూసి బాగుందనాలి. అదే పొడి మీద మూడుసార్లు నీళ్ళు పోసి కాస్తారు: అబొల్, తొనా, బెరెకా. మొదటి 'సినీ', అంటే చిన్న కప్పు, తాగి లేచిపోతే చిన్నబుచ్చుకుంటారు. మూడోది పల్చగానే ఉంటుంది, భయం లేదు. చక్కెర వద్దంటే 'యాలె స్కువర్'. పల్లెల్లో కొన్నిచోట్ల ఉప్పు వేస్తారు, అడగండి. కప్పు అడుగున మడ్డి ఉంటుంది, చివరి గుక్క వదిలెయ్యాలి.

బుధ, శుక్రవారాలు, ఈస్టరు ముందు దాదాపు ఎనిమిది వారాలు ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం, పాలు ముట్టరు. చిన్న హోటళ్ళలో ఆ రోజుల్లో పాల కాఫీ దొరక్కపోవచ్చు.

సెలవులకి ఇంటికి తెచ్చేటప్పుడు మాత్రం వేయించి సీలు చేసిన ప్యాకెట్లే తీసుకోండి. పచ్చి గింజలు విత్తనాల కిందికి వస్తాయి. మన ఎయిర్‌పోర్టులో మొక్కల క్వారంటీన్ వాళ్ళు పట్టుకుంటే తిరిగి ఇవ్వరు.